మేస్త్రి నేల మీద నా ఫ్రిజ్

మొన్నటి వేసవిలో మా కోడలి ఉద్యోగం నిలుస్తుందా, పోతుందా అన్నది ఒక ఫ్రిజ్ తలుపు మీద ఆధారపడింది. ఈ మాట చెబితే నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఆ నెల రోజులూ నేను పడ్డ అగచాట్లు నాకు తెలుసు. చివరికి గెలిచింది నేనే కాబట్టి, నలుగురికీ చెప్పుకునే హక్కు కూడా నాకే ఉంది.

మాది మార్టూరుకు దగ్గర్లో చిన్న పల్లె. మా ఆయన తాపీ మేస్త్రి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక పనికి పోవడం మానేశాడు గానీ, ఊళ్ళో అందరికీ ఇంకా మేస్త్రే. నేనూ అలాగే పిలుస్తాను. మా అబ్బాయి మార్టూరులో గ్రానైటు రాళ్ళకు పాలిషు పట్టే చోట పనిచేస్తాడు. కోడలు చిలకలూరిపేటలో ఒక చిన్న ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. రక్తం తీస్తుంది, పరీక్ష చేస్తుంది, కాగితం మీద రాసి డాక్టరుకిస్తుంది. ఆ పిల్ల సూది గుచ్చితే నొప్పి తెలియదని పేటలో పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు లోపల ఎంత గర్వమో పైకి ఎప్పుడూ అనలేదు. కోడలిని మరీ పొగిడితే నెత్తికెక్కుతుందని మా కాలం భయం ఒకటి ఉంది కదా.

పాప పుట్టాక ఆసుపత్రి వాళ్ళు నాలుగు నెలలు సెలవిచ్చారు. కాన్పు పుట్టింట్లో అయింది. మూడో నెల వెళ్ళాక మంచిరోజు చూసి తల్లినీ పిల్లనూ మా ఇంటికి తెచ్చుకున్నాం. ఇంకో నెలలో కోడలు పనిలో చేరాలి. చిక్కేమిటంటే, పాపకు డబ్బా పాలు పడలేదు. రెండుసార్లు పట్టి చూశాం, రెండుసార్లూ తాగింది తాగినట్టే కక్కేసింది. పుట్టినప్పుడే పిడికెడంత పిల్ల. మళ్ళీ ఆ డబ్బా జోలికి పోవడానికి నాకే ధైర్యం చాలలేదు. అప్పుడు పిల్లల డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. తల్లి పాలు శుభ్రంగా పిండి, మూత ఉన్న గిన్నెలో పోసి, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే లోపలి అరలో పెట్టమంది. మర్నాడు తల్లి పనికి పోయినా, ఆ గిన్నెను వేణ్ణీళ్ళలో ఉంచి వెచ్చచేసి పాపకు పట్టొచ్చంది.

అబద్ధం ఎందుకు, ఆ మాట విని మొదట నేనూ ముక్కున వేలేసుకున్నాను. ఊళ్ళో ఆడవాళ్ళయితే ముక్కున వేలేసుకోవడంతో ఆగలేదు. తల్లి పాలు మంచులో పెడితే తల్లికి పాలు గడ్డ కడతాయని ఒకావిడ, పరాయి కళ్ళు పడితే దిష్టి తగులుతుందని ఇంకొకావిడ, పసిదాన్ని వదిలేసి పోయేంత ఉద్యోగం ఏమిటని మరొకావిడ. కోడలు ఎవరికీ జవాబు చెప్పలేదు, తలవంచుకుని ఊరుకుంది. జవాబు చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు. మీ ఇళ్ళలో షుగరు పరీక్షకు ఎవరి దగ్గరికి పోతున్నారని అడిగాను. ఆ తర్వాత రెండు రోజులు మా వాకిట్లోకి ఎవరూ రాలేదు.

నేను అంత కోపంగా ఎందుకు ఉన్నానో చెప్పాలి. నేను పదో తరగతి పాసయ్యాను. నా కొడుకు పసిబిడ్డగా ఉన్నప్పుడు మా ఊళ్ళో బాలవాడీ టీచరు ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చంటివాణ్ణి తాను చూడలేనని మా అత్త ఒక్క మాట అంది. అంతే, ఆ ఉద్యోగం పక్క వీధి అమ్మాయికి పోయింది. అదే అత్త, మిరపకాయ కోతలు వచ్చేసరికి, పిల్లాణ్ణి చేలో చీర ఉయ్యాలలో వేసుకుని కోతకు రమ్మంది. ఎండలో కోతకు పోతే పిల్లాడికి ఏమీ కాదట, నీడలో కూర్చుని పలకలు దిద్దిస్తే మాత్రం పిల్లాడు పాడైపోతాడట. ఆ కడుపుమంట నాకు ఈరోజుకీ చల్లారలేదు. అందుకే కోడలి విషయంలో పాలకు దారి దొరికిందంటే, అది ఎంత వింత దారైనా సరే, పట్టుకుని తీరాలనుకున్నాను.

ఇక ఫ్రిజ్ సంగతి. అది పాతదే, ఏడెనిమిదేళ్ళ నుంచి ఇనుప స్టాండు మీద నిలబడి మాకు సేవ చేస్తోంది. ముందుగదిలో తూర్పు గోడకు ఆనించి ఉండేది. పాప వస్తోందని ఉయ్యాల కట్టాల్సి వచ్చింది. స్లాబు వేసేటప్పుడు మా మేస్త్రి దిగేసిన కొక్కెం సరిగ్గా ఆ ఫ్రిజ్ పైనే ఉంది. ఉయ్యాల ఊపితే ఫ్రిజ్‌కు కొట్టుకుంటుంది. అందుకని తండ్రీ కొడుకులు ఒక ఆదివారం పూట ఫ్రిజ్‌ను ఎత్తి, ఎదురుగా పడమటి గోడకు చేర్చారు. ఇప్పుడు దాని ముఖం తూర్పుకు తిరిగింది, మరీ మంచిదని మేస్త్రి మెచ్చుకున్నాడు. నేనూ దాని మీద కొత్త గుడ్డ పరిచి, పని అయిందనుకున్నాను.

చేరే రోజుకు ఇంకా మూడు వారాలుండగా కోడలు, ఒకసారి అలవాటు చేసి చూద్దాం అత్తయ్యా అంది. పొద్దున్నే పాలు పిండి రెండు చిన్న స్టీలు గిన్నెల్లో పోసి లోపలి అరలో పెట్టింది. సాయంత్రం తీసి మూత తెరిచేసరికి పులుపు వాసన ముఖానికి కొట్టింది. కోడలు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల్లి పాలు తొక్కే చోట పొయ్యకూడదు కదా, నేనే తీసుకెళ్ళి కరివేపాకు మొక్క మొదట్లో పోశాను. వచ్చి చూద్దును కదా, ఫ్రిజ్ తలుపు పై మూల కొంచెం తెరుచుకుని ఉంది. చిటికెన వేలు దూరేంత సందు. లోపలి చలి అంతా అందులోంచి పోతోంది. పైన ఐసు పెట్టె మాత్రం దూది మూటలా ఉబ్బి, సాయంత్రమయ్యేసరికి నీళ్ళు కారుతోంది.

అక్కడి నుంచి మొదలైంది మా యుద్ధం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడిందేమోనని సబ్బు నీళ్ళతో కడిగాను. వేడి నీళ్ళ గుడ్డతో కాపడం పెట్టాను. తలుపులో ఉన్న నీళ్ళ సీసాలు, పచ్చళ్ళ జాడీ అన్నీ తీసేసి బరువు తగ్గించాను. చివరికి పాత చీర అంచు చించి ఫ్రిజ్ చుట్టూ మొలతాడులాగా కట్టాను. కట్టినంతసేపూ బాగానే ఉండేది. మజ్జిగకో, కూరగాయలకో తలుపు తీసినప్పుడల్లా ముడి విప్పి మళ్ళీ కట్టాలి, కట్టిన ప్రతిసారీ ఆ పై మూల మాత్రం ఎక్కడో ఒకచోట పళ్ళికిలించేది. రెండో రోజు పెట్టిన పాలూ పోయాయి. మూడో రోజువీ పోయాయి. కరివేపాకు మొక్క మాత్రం మాంఛి చిగురు పెట్టింది.

ఇంకొక పని కూడా చేశాను, చెప్పడానికి సిగ్గేస్తుంది. ఎవరూ లేకుండా చూసి ఆ ఫ్రిజ్‌కు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీశాను. పెరట్లోకి తీసుకెళ్ళి పొయ్యిలో వేస్తే కాయలు కాలాయి గానీ ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా ఉన్నట్టని మా లెక్క. ఊళ్ళో ఎవరి కళ్ళు పడ్డాయో పేరు పేరునా తిట్టుకున్నాను. ఆ కాయలు రెండేళ్ళ కిందటి తాలుకాయలని, వాటికి పొయ్యిలో వేసినా పోపులో వేసినా ఘాటుండదని సాయంత్రం డబ్బా చూశాక గుర్తొచ్చింది.

పేట నుంచి మెకానిక్‌ను పిలిపించాం. నెరిసిన జుట్టు, పనిమంతుడిలాగే కనిపించాడు. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగి చూపించాడు. కింద నోటు బిగుసుకుని రాలేదు, పై మూలకు వచ్చేసరికి ఊడి చేతిలోకి వచ్చింది. రబ్బరు పోయిందమ్మా అని, పాతది పీకేసి కొత్త రబ్బరు వేశాడు. ఆ రోజు నోటు అన్ని వైపులా బిగిసింది. నేను అతనికి కాఫీ ఇచ్చి, పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరపడ్డాను. మర్నాడు మధ్యాహ్నానికి పై మూల మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ పిలిస్తే వచ్చాడు పాపం. తలుపు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బందులు బిగించాడు. చివరికి తలుపే వంకర తిరిగింది, ఇంకేం చేసినా దండగ, కొత్త ఫ్రిజ్ తీసుకోండి అని సంచీ సర్దుకున్నాడు. కొత్తది కొనే మాట ఆ నెలలో మాకు కుదిరేది కాదు. మా పక్కింట్లో పెడదామంటే, వాళ్ళ ఫ్రిజ్‌లో ఎప్పుడూ చేపలు, పైగా వాళ్ళావిడే కదా దిష్టి మాట ఎత్తింది.

ఇలా రోజులన్నీ గడిచి, చేరే రోజుకు ముందు శుక్రవారం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సోమవారం పొద్దున రాగలవా, లేకపోతే ఇంకొకరిని పెట్టుకుంటాం, ఇప్పటికే ఒకమ్మాయి వచ్చి అడిగి వెళ్ళింది అన్నారట. వాళ్ళ తప్పు కాదు, రోగులు ఆగరు కదా. కోడలు వంటింటి గడప మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని, నెమ్మదిగా అంది.

"మానేస్తానని చెప్పేస్తాను అత్తయ్యా. పాప కంటే ఎక్కువేం కాదుగా."

ఆ గొంతులో ఏడుపు లేదు. అది లేకపోవడమే నన్ను కోసింది. నేను కూడా ఆ రోజుల్లో అలాగే ఏడవకుండా అన్నాను, పిల్లాడి కంటే ఎక్కువేం కాదులే అని. ఎవరైనా ఒక్కరు, అవును ఎక్కువ కాదు గానీ తక్కువా కాదు అని ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. నాకు ఒళ్ళు మండింది.

"సోమవారం దాకా ఆ ఫోను ముట్టుకోమాక," అన్నాను. "తలుపు సంగతి నేను తేలుస్తా."

అన్నాను గానీ ఎలా తేలుస్తానో నాకేం తెలుసు. శనివారం పొద్దున పాప పడుకున్నాక, పెరుగు గిన్నె ఒక చేత్తో, టమాటాల బుట్ట ఒక చేత్తో పట్టుకుని ఫ్రిజ్‌లో సర్దాను. చేతులు ఖాళీ లేక మోచేత్తో తలుపును తోశాను. అది పోయి తగిలి, నెమ్మదిగా వెనక్కి వచ్చి, నా నడుముకు ఆనుకుంది. మళ్ళీ తోశాను. మళ్ళీ వచ్చింది. అప్పుడు తట్టింది నాకు. ఏడెనిమిదేళ్ళుగా నేను ఈ తలుపును మోచేత్తోనే మూస్తున్నాను. ఎప్పుడూ వెనక్కి రాలేదు. సగంలో వదిలేసినా తనంతట తనే పోయి పడేది. పాడైన తలుపు మూసుకోకపోవచ్చు, కాదనను. కానీ ఇది మూసుకోకపోవడం కాదు, నా మీదికి నడిచి రావడం. ఒక వస్తువు ఎవరూ లాగకుండా ఎటు నడుస్తుంది? పల్లానికే కదా.

బుట్ట అక్కడే పడేసి, చెంబుడు నీళ్ళు తెచ్చి ఫ్రిజ్ పక్కన గోడ మొదట్లో పోశాను. నీళ్ళు ఒక్క క్షణం ఆలోచించలేదు. ఫ్రిజ్ కింద నుంచి దాని ముందుకు వచ్చి, కొంచెం ఉత్తరానికి తిరిగి, గది అడ్డంగా దాటి, ఉయ్యాల కింద నుంచి ఈశాన్యం మూల తూములోకి పోయాయి. ఇల్లు కడిగినప్పుడు ఒక్క చుక్క నిలవకూడదని నేలకు ఇచ్చే ఆ వాలును మా తాపీవాళ్ళు వాటం అంటారు. నీరు ఈశాన్యానికి పారితే ఇంటికి మంచిదని మా వైపు అందరికీ నమ్మకం. ఊళ్ళో అందరి ఇళ్ళకూ ఒక వేలు వాటం ఇచ్చే మా మేస్త్రి, సొంత ఇల్లని ముచ్చటపడి మా ఇంటికి రెండు వేళ్ళు ఇచ్చుకున్నాడు. తూర్పు గోడకు ఉన్నన్నాళ్ళూ ఫ్రిజ్ వెనక్కి వాలి ఉంది, తలుపు దానంతటదే మూసుకుంది. పడమటి గోడకు వచ్చాక ముందుకూ, ఒక పక్కకూ ఒరిగింది. రబ్బరూ మంచిదే, తలుపూ మంచిదే, మా ఊరి ఆడవాళ్ళ కళ్ళు కూడా మంచివే. వాళ్ళను ఊరికే తిట్టుకున్నాను.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ అసలు కష్టం అప్పుడే మొదలైంది. ఈ సంగతి మేస్త్రికి చెప్పాలి.

ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మీ నేల వల్ల ఫ్రిజ్ మూసుకోవడం లేదని చెప్పాను. పేపరు మడిచాడు. అది ఆయనకు కోపం వచ్చిందనడానికి గుర్తు. మోకాళ్ళు పోయాక ఆయనకు మిగిలింది ఆ నేల ఒక్కటే. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ నేలను చూపిస్తాడు, చెంబుతో నీళ్ళు పోసి మరీ చూపిస్తాడు.

"నలభై ఏళ్ళ నుంచి నేలలు పరుస్తున్నా," అన్నాడు. "నా వాటాన్ని తప్పుపట్టినోడు ఈ చుట్టుపక్కల లేడు. ఇప్పుడు నువ్వొచ్చావేం?"

"నీ వాటం తప్పని ఎవరన్నారయ్యా. మరీ ఒప్పుగా ఉంది, అదే నా బాధ."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా ఆయన రచ్చ అంతా గెలిచి వచ్చాడు గానీ, ఇంట్లో నాతో గెలవడం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు. ఆ రోజూ కాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సోమవారం పొద్దున ఆ పిల్ల బస్సెక్కుతుందో లేదో ఇప్పుడు నీ చేతుల్లో ఉంది, నీ పరువు ముఖ్యమో ఆ పిల్ల ఉద్యోగం ముఖ్యమో నువ్వే తేల్చుకో అన్నాను. ఆయన మడిచిన పేపరు పక్కన పెట్టాడు. తర్వాత లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి పోయి, అటక మీది సంచీ దింపమన్నాడు. అందులోంచి రసమట్టం తీశాడు. బద్ద మధ్యలో చిన్న గాజు గొట్టం, అందులో ఒక బుడగ. బద్ద మట్టంగా ఉంటే బుడగ మధ్యలో నిలుస్తుంది, లేకపోతే ఎత్తు ఉన్న వైపుకు పోతుంది. ఆయన దాన్ని లుంగీ అంచుతో తుడిచి, ఫ్రిజ్ నెత్తిన పెట్టాడు. బుడగ గోడ వైపుకు పరుగెత్తి అక్కడే కూర్చుంది.

మేస్త్రి దాన్ని తీసి, తిప్పి, మళ్ళీ పెట్టాడు. అదే మాట చెప్పింది. మనుషులతో వాదిస్తాడు గానీ, రసమట్టంతో ఆయన ఎప్పుడూ వాదించడు. కొడుక్కి ఫోను చేసి, వచ్చేటప్పుడు పాలిషింగు దగ్గర పడి ఉండే రాతి ముక్కలు పలచనివీ మందమైనవీ ఒక పది అడిగి తెమ్మన్నాడు. సందేహం తీరింది, కానీ ఒప్పుకున్నట్టు ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. గెలిచినప్పుడు కాస్త నోరు కట్టుకోవడం కూడా తెలియాలి.

మధ్యాహ్నం అబ్బాయి చిన్న చిన్న నల్లరాతి ముక్కలు సంచీలో తెచ్చాడు. ఫ్రిజ్ ఖాళీ చేశాం. కొడుకు దాన్ని పట్టి ఎత్తుతుంటే, మేస్త్రి నేల మీద చతికిలబడి, స్టాండు ముందు కాళ్ళ కింద ఒక్కొక్క ముక్కే పెడుతూ పోయాడు. ఒక పక్క రెండు, ఇంకో పక్క మూడు. ఆయన వేళ్ళు మళ్ళీ పనిలో పడ్డాయి. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో ఆ పట్టుదల చూశాను, నాకు ముచ్చటేసింది. బుడగ జరిగి జరిగి సరిగ్గా మధ్యలోకి వచ్చి ఆగింది. చూసుకో అన్నట్టు నా వైపు చూశాడు.

నేను తలుపు తెరిచి వదిలాను. అది వదిలిన చోటే నిలబడింది. ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. నోటు పెట్టి చూస్తే పై మూలలో బిగుసుకుంది గానీ, అది నేను గట్టిగా నొక్కి మూస్తేనే. ఇద్దరు ముగ్గురం రోజంతా తీసి మూసే తలుపు, ఎవరో ఒకరు మరిచిపోతారు. ఒక్కసారి మరిస్తే పాలు పోతాయి. ముందు కాళ్ళు ఇంకొంచెం ఎత్తు, వెనక్కి వాలాలి అన్నాను. అక్కడ మేస్త్రి మొరాయించాడు. ఎంత చెప్పినా వినడే. వాలేది నేల, నిలబడేది సామాను, ఆయన లోకంలో ఈ రెండూ ఎప్పుడూ కలవలేదు.

"ఫ్రిజ్‌కి వాటం ఏందే?" అన్నాడు. "చూసినోళ్ళు నవ్వరూ? సామానన్నాక మట్టంగా నిలబడాల."

"నీ నీళ్ళు తూములోకి పోవాలి, నా తలుపు లోపలికి పోవాలి," అన్నాను. "దేని వాటం దానికియ్యి మేస్త్రీ."

నా కొడుకు ఫ్రిజ్ ఎత్తి పట్టుకుని, ముందు ఏదో ఒకటి తేల్చండి, నా చేతులు పడిపోతున్నాయి అన్నాడు. ఉయ్యాలలో పాప కళ్ళు తెరిచి తాత వైపు చూస్తోంది. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, చీర చెంగు వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది. మేస్త్రి ఆ పిల్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత సంచీలో చెయ్యి పెట్టి, తన బొటనవేలి మందం ఉన్న రెండు ముక్కలు ఏరి, పాతవి తీసి వాటిని దూర్చాడు. బుడగ మధ్యలోంచి కదిలి ముందుకు జరిగింది. అంత వంకర పని తన చేతులతో చేస్తున్నందుకు ఆయన పళ్ళు కొరకడం నాకు వినిపించింది.

కోడలిని పిలిచి, నువ్వే చూడమ్మా అన్నాను. ఆ పిల్ల వచ్చి తలుపు తీసి, సగం దాకా మూసి వదిలింది. తలుపు ఒక్క క్షణం ఆగి, తర్వాత నెమ్మదిగా కదిలి, చివర్లో రబ్బరు పట్టుకోగానే చప్‌మని అతుక్కుంది. మళ్ళీ తీసింది, మళ్ళీ వదిలింది. మళ్ళీ అతుక్కుంది. పది రూపాయల నోటు పై మూలలో పెట్టి నేను లాగాను. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. నోటు చిరిగింది. జీవితంలో డబ్బు చిరిగినందుకు అంత సంతోషపడిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. కోడలు నన్ను గట్టిగా పట్టుకుని నవ్వేసింది. పెళ్ళయి మూడేళ్ళలో ఆ పిల్ల నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. నేనూ పట్టుకున్నాను, నెత్తికెక్కితే ఎక్కనీ అనుకున్నాను.

మా కోడలు ల్యాబ్ మనిషి కదా, నవ్వినంత మాత్రాన నమ్మదు. గ్లాసుడు నీళ్ళలో థర్మామీటరు వేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారమంతా గంటకొకసారి చూసి పుస్తకంలో రాసుకుంది. ఎండ నిప్పులు కక్కిన ఒంటిగంటకు కూడా లోపలి చలి తగ్గలేదు. పొద్దున పెట్టిన పాలు సాయంత్రం తీస్తే కమ్మగా ఉన్నాయి. వాసన నేను చూశాను, మా అబ్బాయి చూశాడు, మేస్త్రి కూడా చూశాడు. అప్పటికే మేస్త్రి ఊళ్ళో ఇంకో కథ మొదలుపెట్టాడు. ఫ్రిజ్‌లకు కూడా వాటం ఇవ్వాలని కంపెనీ వాళ్ళకే తెలియదని, తాను కనిపెట్టానని అరుగు మీద నలుగురికీ చెబుతుంటే నా చెవిన పడింది. పోనీలే అని ఊరుకున్నాను. ఆ వారంలో ముగ్గురు వచ్చి, మా ఫ్రిజ్ కూడా ఒకసారి చూడు మేస్త్రీ అని తీసుకెళ్ళారు. రసమట్టం చంకలో పెట్టుకుని, మోకాళ్ళ నొప్పి మాటే ఎత్తకుండా వెళ్ళాడు.

సోమవారం పొద్దున ఏడున్నరకు కోడలు తయారైంది. నాలుగు నెలల తర్వాత ఇస్త్రీ చీర కట్టుకుంది. పాపను ఎత్తుకుంది, దించింది, మళ్ళీ ఎత్తుకుంది. ఇంకాసేపు ఆగితే మనసు మారుతుందని నాకు భయమేసి, బస్సు పోతుందమ్మా అని కసిరాను. మా అబ్బాయి బండి మీద హైవే దాకా తీసుకెళ్ళాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేను చెయ్యి ఊపలేదు. ఊపితే నాకు ఏడుపొచ్చేలా ఉంది.

పదిన్నరకు పాప ఆకలికి లేచింది. ఫ్రిజ్ తీసి గిన్నె బయటపెట్టాను. మూత తీశాను. వాసన చూశాను, మళ్ళీ చూశాను, పచ్చి పాల కమ్మదనం తప్ప ఇంకేమీ లేదు. వేణ్ణీళ్ళలో పెట్టి, వెచ్చబడ్డాక మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూసి, ఉగ్గుగిన్నెలో పోశాను. పాపను ఒళ్ళో వేసుకుని కొద్దికొద్దిగా పెదాల దగ్గర పెట్టాను. ముందు ముఖం చిట్లించింది. తర్వాత రుచి తెలిసింది కాబోలు, నాలుక చాచి చప్పరించింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా నా కళ్ళల్లోకి చూస్తూనే తాగింది. భుజాన వేసుకుని వీపు రాస్తే పెద్దగా తేన్చింది. కక్కలేదు. పది నిమిషాలు కూర్చోబెట్టి చూశాను, ఒక్క చుక్క కక్కలేదు.

అప్పుడే ఫోను మోగింది. కోడలే. వెనక జనం గోల, ఎవరో పేర్లు పిలుస్తున్న చప్పుడు.

"తాగిందా అత్తయ్యా?"

తాగిందమ్మా, గిన్నెడు తాగింది, తేన్చింది, ఇదిగో నా భుజం మీదే ఉంది అని మొదలుపెట్టాను. ఎలా వాసన చూశానో, ఎలా వెచ్చచేశానో, ముఖం ఎలా చిట్లించిందో అంతా పూసగుచ్చినట్టు చెప్పాలని ఉంది. ఆ పిల్ల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు మారింది. నాకు తెలిసిన కోడలి గొంతు కాదది, పేటలో జనానికి తెలిసిన గొంతు.

"సరే అత్తయ్యా, ఉంటాను. బయట ఎనిమిది మంది కూర్చున్నారు."

నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. ఫోను పెట్టేసింది. అవతల పనిలో పడిపోయింది. మామూలుగా నా మాట సగంలో ఉండగా ఎవరైనా ఫోను పెట్టేస్తే, నేను మళ్ళీ చేసి నాలుగు తిట్టి గానీ ఊరుకోను. ఆ రోజు మాత్రం పాపను భుజాన వేసుకుని, చప్పుడు లేని ఆ ఫోనును ఇంకా చెవికి ఆనించుకునే ఇల్లంతా తిరిగాను. నవ్వుతూనే ఉన్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అరుగు మీద నుంచి మేస్త్రి, ఏమందే అని అడిగాడు.

"నాతో మాట్లాడటానికి తీరిక లేదంట," అన్నాను.